మా అంబాసిడర్ ఎడమ లైటు

పదవ తరగతి విద్యార్థిని

మా ఇంట్లో ఒక పాత అంబాసిడర్ కారు ఉంది. వయసులో అది నాకంటే చాలా పెద్దది. మా తాత కొన్నాడు, ఇప్పుడు మా నాయన నడుపుతున్నాడు. అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అందుకే ఊళ్ళో పిల్లలు దాన్ని చూసి "మ్యూజియం బండి" అని నవ్వుతారు. మాకు మాత్రం అది అన్నం పెట్టే బండి. మాది హోసూరు దగ్గర బాగలూరు పక్క పల్లె. కొంచెం గులాబీ తోట ఉంది. తెల్లవారుజామున నాలుగు గంటలకే పూల కట్టలు వెనక సీటులో, డిక్కీలో సర్దుకుని నాయన హోసూరు పూల మార్కెట్టుకు పోతాడు. ఎండెక్కితే పువ్వు వాడుతుంది, ధర పడిపోతుంది. కాబట్టి మా సంపాదన అంతా ఆ రెండు హెడ్‌లైట్ల వెలుగులోనే నడుస్తుంది.

పోయిన దీపావళి తరువాత ఎడమ లైటు మసకబడింది. పూర్తిగా ఆరిపోలేదు. కుడి లైటు తెల్లగా వెలుగుతుంటే ఎడమది నూనె అయిపోవచ్చిన దీపంలా ఎర్రగా ఉండేది. నాయన షెడ్డులో చూపిస్తే కొత్త బల్బు వేశారు. కొత్తది కదా అని మనసుకు బాగున్నట్టు అనిపించింది గాని, చీకట్లో చూస్తే అదే ఎరుపు. మళ్ళీ పోతే ఇంకో బల్బు వేశారు. మూడోసారి పోతే, "వైరింగు అంతా పాతది, మొత్తం మార్చాల్సిందే. లేదంటే వంద వాట్ల బల్బు వేసుకో" అన్నారు. వైరింగు మార్చే డబ్బు నాయన దగ్గర లేదు. అలాగే నడుపుతూ వచ్చాడు.

డిసెంబరులో ఒక శనివారం బడికి సెలవు. కట్టలు దించడానికి సాయంగా నేనూ బండెక్కాను. మంచు బాగా కురుస్తోంది. మన దేశంలో బండి ఎడమ పక్క పోతుంది కదా, రోడ్డు అంచున నడిచేవాళ్ళనూ సైకిళ్ళనూ చూపించాల్సింది ముఖ్యంగా ఎడమ లైటే. పాల క్యాన్లు కట్టుకున్న ఒక సైకిలు మాకు దగ్గరికి వచ్చేదాకా కనిపించలేదు. నాయన ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. పూల కట్టలు ముందుకు వచ్చి నా మీద పడ్డాయి. బండి ఆగేసరికి ఆ సైకిలు మా బంపరుకు జానెడు దూరంలో ఉంది. పెద్దాయన దిగి, "ఏమప్పా, ఒంటికన్ను బండి తోలతా ఉండావు" అని మాత్రం అన్నాడు. నాయన చేతులు వణకడం నేను మొదటిసారి చూసింది ఆ రోజే.

ఆ రాత్రి నాయన అన్నం సరిగా తినలేదు. "బండి అమ్మేస్తా. పాత ఇనుముకన్నా తీసుకుంటారు" అన్నాడు. అవ్వ ఏమీ మాట్లాడకుండా లోపలికి పోయింది. పూలు వ్యాను బాడుగకు పంపితే మిగిలేది ఎంతో అమ్మ వేళ్ళమీద లెక్క వేసింది. లెక్క తేలాక ఆమె కూడా మాట్లాడలేదు.

సోమవారం బడిలో విద్యుత్తు పాఠం పునశ్చరణ. ఓమ్ నియమం నాకు కంఠతా వచ్చు. లెక్కలూ చేయగలను. అయినా ఆ లెక్కకూ మా బండికీ సంబంధం ఉందని అప్పటిదాకా నాకు తోచలేదు. క్లాసు అయ్యాక సారుకు జరిగింది చెప్పాను. ఆయన మూడు ప్రశ్నలు అడిగారు.

"రెండు లైట్లూ మసకా, ఒకటేనా?"

"ఒకటే సార్."

"అయితే బ్యాటరీ, స్విచ్చి జోలికి పోవద్దు. అవి రెండింటికీ ఉమ్మడి. రెండు బల్బులనూ అటుదిటు మార్చి చూశారా?"

"లేదు సార్."

"ముందు అది చెయ్యి. మసక బల్బుతో పాటు కుడి పక్కకు పోతే బల్బు తప్పు. ఎడమ పక్కనే ఉండిపోతే తీగల తప్పు. ఎడమ లైటు వెలిగినప్పుడు కొలిచి చూశారా, ఊరికే ఉన్నప్పుడు కొలిచారా?"

మూడో ప్రశ్న నాకు అర్థం కాలేదు. సారు నవ్వి, ల్యాబులో ఉన్న మల్టీమీటరు ఇచ్చి, ఎలా వాడాలో చూపించారు. "బ్యాటరీ దగ్గర జాగ్రత్త. ఇనుప పనిముట్టు రెండు కొనలకూ తగలనీయొద్దు. బల్బు గాజును వట్టి చేత్తో పట్టుకోవద్దు, వేలి జిడ్డు అంటితే వేడికి అది పాడవుతుంది" అన్నారు.

ఆదివారం నాయన తనకు తెలిసిన ఒక ఎలక్ట్రీషియన్ అన్నను కూడా పిలిచాడు. ఆయన మాట తమిళం. ముందు బల్బులు మార్చి చూశాం. మసక ఎడమ పక్కనే ఉండిపోయింది. అంటే అన్ని రోజులూ కొన్న బల్బులన్నీ దండగే. తరువాత ఆయన తన టెస్టు ల్యాంపు తీశాడు. చిన్న బల్బుకు రెండు తీగలు కట్టినది. హెడ్‌లైటు ప్లగ్గు ఊడదీసి దాని కొనలకు పెడితే ఆ చిన్న బల్బు బ్రహ్మాండంగా వెలిగింది. "కరెంటు వస్తా ఉండాది, వైరు బాగుండాది" అని తేల్చేశాడు. నేను మీటరు పెట్టినా 12 వోల్టులకు పైనే చూపించింది. నాయన ముఖం వాడిపోయింది.

అప్పుడు సారు మూడో ప్రశ్న గుర్తుకొచ్చింది. ప్లగ్గు మళ్ళీ బల్బుకు తగిలించి, లైటు వెలిగించి, ప్లగ్గు వెనక నుంచి కొలిచాను. బల్బుకు అందుతున్నది 9.7 వోల్టులే! బ్యాటరీ దగ్గర అదే సమయంలో 12.2 ఉంది. మధ్యలో రెండున్నర వోల్టులు ఎక్కడో పోతున్నాయి.

నోటుబుక్కులో లెక్క వేశాను. టెస్టు ల్యాంపు 5 వాట్లది. దానిలో పారేది అర ఆంపియరు కంటే తక్కువ. హెడ్‌లైటు 60 వాట్లది, దానికి 5 ఆంపియర్లు కావాలి. దారిలో అర ఓమ్ నిరోధం ఉందనుకుంటే, చిన్న బల్బుకు పోయేది పావు వోల్టు కూడా కాదు, కాబట్టి ఏమీ తెలియదు. అదే హెడ్‌లైటుకు రెండు వోల్టులకు పైగా పోతాయి. పాత చేంతాడు వట్టి బిందెను లాగుతుంది, నిండు బిందె కట్టినప్పుడే తెగుతుంది. ఇదీ అంతే. వంద వాట్ల బల్బు వేసుంటే కరెంటు ఇంకా ఎక్కువ లాగి, ఆ చెడ్డ చోట ఇంకా ఎక్కువ వోల్టులు పోయి, తీగ వేడెక్కేది.

పోయేది ఎక్కడో తెలుసుకోవడానికి దారిని రెండు ముక్కలు చేశాను. లైటు వెలుగుతుండగానే, బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు ప్లస్ కొన వరకు కొలిస్తే 0.4 వోల్టు. అది ఫరవాలేదు. బ్యాటరీ మైనస్ నుంచి బల్బు ఎర్తు కొన వరకు కొలిస్తే 2.1! పోయే కరెంటు దారి బాగానే ఉంది, తిరిగి వచ్చే దారే చెడింది.

"అన్నా, ఎర్తులో నిరోధం ఎక్కువుండాది" అన్నాను.

"అదేంది మా నిరోధం?"

"తడై అన్నా, తడై" అన్నాను తమిళంలో.

ఆయన ఒక నిమిషం మీటరు వంక చూసి, ఏమీ అనకుండా వంగి లైటు వెనక నల్ల తీగను వెతుక్కుంటూ పోయాడు. అది బాడీకి ఒక స్క్రూతో బిగించి ఉంది. పోయిన ఏడు సొట్ట తీయించి రంగు వేయించినప్పుడు ఆ స్క్రూ కింద కూడా రంగు కొట్టేశారు. దాని చుట్టూ తుప్పు. కారులో ఎర్తు అంటే బాడీ ఇనుమే కదా, తీగకూ ఇనుముకూ మధ్య రంగు, తుప్పు అడ్డం నిలిచాయి.

బ్యాటరీ మైనస్ తీగ ఊడదీసి, స్క్రూ విప్పి, గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దాం. (మా ఊరి అంగట్లో దాన్ని ఉప్పుత్తాళ్ అని అడగాలి.) తీగ కొననూ రుద్ది, గట్టిగా బిగించి, తడి పట్టకుండా పైన గ్రీజు పూశాం. ఖర్చు గరుకు కాగితానికి అయింది, అంతే. మళ్ళీ కొలిస్తే ఎర్తు వైపు 0.1, బల్బు దగ్గర 11.7. చీకటి పడ్డాక గోడ ముందు నిలిపి లైట్లు వేశాం. రెండూ ఒకే తెలుపు. అవ్వ గడపలో నిలబడి, "మీ తాత తెచ్చిన నాడు ఇట్లే ఉండె" అంది.

ఎలక్ట్రీషియన్ అన్న మా నాయన ఇవ్వబోయిన డబ్బు తీసుకోలేదు. "ఆ మీటరు ఎట్ల పెట్టినావో ఇంకోసారి చూపించు మా" అని అడిగాడు. తెలుగు మీడియంలో చదివితే బయట ఏం పనికొస్తుందని మా చుట్టాలు అడుగుతుంటారు. నాకూ అప్పుడప్పుడు ఆ భయం ఉండేది. నిరోధం అన్నా తడై అన్నా రెసిస్టెన్సు అన్నా ఆ స్క్రూ కింద ఉన్నది ఒక్కటే. దాన్ని నేను నా భాషలో నేర్చుకున్నాను, కాబట్టి ఇంకో భాషలో చెప్పగలిగాను.

ఇంకొకటి కూడా తెలిసింది. పరీక్షలో మార్కులు తెచ్చిన నా ఓమ్ నియమం ప్లగ్గు ఊడదీసి కొలిచిన 12 వోల్టుల లాంటిది. చూడటానికి నిండుగానే ఉంటుంది. బరువు మోపినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

మరుసటి రోజు తెల్లవారుజామున నాయన ఎప్పటిలాగే మార్కెట్టుకు పోయాడు. తిరిగి వచ్చి, "ఆ పాలాయన ఈరోజు దూరం నుంచే కనిపించినాడు" అన్నాడు. బండి అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు.