తీరం దాటిన తర్వాత మొదలైన తుపాను

టాటానగర్ నుంచి చక్రధర్‌పూర్ వెళ్లే పాసింజర్ ఖర్కయీ వంతెన దాటాక రెండో స్టేషన్ గమ్హరియా. ఫ్యాక్టరీ గోడలు ముగిసిన చోట వరి మళ్లు మొదలవుతాయి. తుపానంటే మనకు దివిసీమ, ఉద్దానం. సముద్రం ఊసే లేని ఈ ఊరికి తుపానేమిటి?

2021 మే 26న 'యాస్' ఒడిశాలోని బాలాసోర్‌కు దక్షిణాన గంటకు 130-140 కిలోమీటర్ల గాలులతో తీరం దాటింది. మర్నాటికి బలహీనపడి వాయుగుండంగా మారిందన్న కబురుతో తీరంలో ఊపిరి పీల్చుకున్నారు. గమ్హరియా రైతుకు కష్టం అప్పుడే మొదలైంది. ఆ వాయుగుండం దక్షిణ జార్ఖండ్ మీదికే వచ్చింది. ఖర్కయీ పుట్టేది ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో. అక్కడ కురిసిన వాన కూడా ఇటే దిగి, జంషెడ్‌పూర్ పల్లపు బస్తీల్లోకి నీళ్లొచ్చాయి.

సరిగ్గా అవి రోహిన్ పరబ్ రోజులు. మన ఏరువాక లాంటిదే. కుడ్మీ రైతులు జేఠ్ నెల 13న పొలం మట్టిని బుట్టలో ఇంటికి తెచ్చి వరి విత్తనాల్లో కలుపుతారు. తెచ్చేవాళ్లు దారిలో పెదవి విప్పకూడదు. ఆకాశం మీద ఆధారపడిన ఒక్క పంటకు అదే శ్రీకారం. దుక్కిలో నీళ్లు నిలిస్తే విత్తనం కుళ్లుతుంది. అమ్ముకుందామంటే తోటలో కూరగాయలూ నీళ్లలోనే. పైగా కోవిడ్ ఆంక్షలు.

స్టేషన్ బయట బెండకాయలు అమ్మే ఆసామికి యాస్ పేరు గుర్తులేదు. బుట్టలో మట్టికి బదులు బురద తెచ్చుకున్న ఏడాదా, అని అడిగాడు.