వెలిగారం కోసం బౌబజార్‌కి

దుర్గాపూజకు నెలన్నర ముందు కోల్‌కతాలో మా అక్క ఇంటికి వెళ్లాను. అడుగు పెట్టగానే పిల్లలిద్దరూ పట్టుకున్నారు: "పిన్నీ, మనింట్లోనే స్లైమ్ చేద్దాం." ఫెవికాల్ సీసా ఉంది. లేనిది వెలిగారం. బంగారం అతికేటప్పుడు కంసాలి వాడే వెలిగారమే. మెట్రోలో సెంట్రల్ స్టేషన్‌కి వెళ్లి, అక్కణ్నుంచి బౌబజార్‌కి నడిచాం.

పెద్దవీధిలో అద్దాల వెనక నగలు. వాటిని చేసేవాళ్ల సరంజామా మాత్రం పక్కసందుల్లో, ఇరుకు కొట్లలో దొరుకుతుంది. "సోహాగా" అనగానే కొట్టాయన తెల్లటి పలుకులు పొట్లం కట్టాడు. వెంట పిల్లలుండటం చూసి, నోట్లో పెట్టుకోనివ్వొద్దని రెండుసార్లు హెచ్చరించాడు. టిబెట్ సరస్సుల ఒడ్డున దొరికే వెలిగారం ఒకప్పుడు గొర్రెల, మేకల వీపుల మీద హిమాలయాలు దాటేది. కలకత్తా రేవు చేరి ఓడల్లో యూరప్‌కి పోయేది. ఆ సంగతి చెబితే పెద్దది పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుని నడిచింది.

ఇంట్లో పలుకులు నూరి, ఒక చెంచా పొడిని గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో కరిగించాను. ఆ పని పిల్లలకివ్వలేదు. పొడి కళ్లలో పడితే మంట, కడుపులోకి పోతే ప్రమాదం. జిగురులో అంతే నీళ్లు కలిపి, రంగు వేసి, వెలిగారం నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పమన్నాను. గరిటె బరువెక్కింది. ఉన్నట్టుండి గిన్నె అంచుల్ని వదిలేసి అంతా ఒక్క ముద్దయింది. పిల్లలు వేసిన కేక పక్కవాటాకి వినపడే ఉంటుంది.

జిగురులోని అణువులు పొడవాటి గొలుసులు. వెలిగారం వాటిని అక్కడక్కడా కలుపుతుంది. చేతులు పట్టుకున్న పిల్లల వరుసల్లా ఆ పట్టు ఊడుతుంది, మళ్లీ కలుస్తుంది. అందుకే మెల్లగా లాగితే సాగుతుంది, గుంజితే తెగుతుంది, రెండు ముక్కల్నీ ఆనిస్తే కాసేపటికి అతుక్కుంటుంది. ఇదంతా నేను చెప్పకముందే చిన్నవాడు తన చేతులతో కనుక్కున్నాడు. అమెరికాలో 1976లో మాటెల్ కంపెనీ అమ్మిన మొదటి స్లైమ్‌లో ఉన్నది మన గోరుచిక్కుడు గింజల జిగురు, వెలిగారం. కూరకు తరిగే కాయలోంచి బొమ్మ పుట్టిందంటే మా అక్కే నమ్మలేదు.

మర్నాడు శోభాబజార్‌లో దిగి, దుర్గ విగ్రహాలు చేసే కుమార్‌టులికి నడిచాం. హుగ్లీ మీద పడవల్లో వచ్చిన బంకమట్టి సందుల్లో కుప్పలుగా ఉంది. గడ్డి కట్టిన చట్రాల మీద పనివాళ్లు మొదట ఊక కలిపిన మట్టి మెత్తుతున్నారు. పైపూతకు మెత్తనిది వేరే. ఎంత నీళ్లు పడతాయో ఎవరూ కొలవడం లేదు, వేళ్లతో నొక్కి చూసి తెలుసుకుంటున్నారు. ఒక ముసలాయన మా వాడికి నిమ్మకాయంత ముద్ద ఇచ్చాడు. వాడు అలవాటుగా రెండు చేతులతో సాగదీశాడు. మట్టి తెగింది. మళ్లీ నొక్కాడు, నొక్కిన వేలిగుర్తు అలాగే నిలిచింది. స్లైమ్ మీద ఏ గుర్తూ నిలవదు. బడిలో ఏ పాఠమూ ఇంత త్వరగా ఎక్కి ఉండదని నాకు గట్టిగా అనిపించింది. పిల్లల చేతికి మట్టంటితే విసుక్కునే పెద్దవాళ్లను ఒక్కసారి ఈ సందులకు తీసుకురావాలి.

"నిమజ్జనమయ్యాక ఈ మట్టి గంగలో కరుగుతుంది కదా, మన స్లైమ్ కూడా వేద్దామా?" అంది పెద్దది. వద్దన్నాను. ఆ జిగురు మట్టిలా నదిలో కలిసిపోదు. సింకులో పోసినా గొట్టం పూడుతుంది. పాడయ్యాక చెత్తబుట్టలోనే వెయ్యాలి. అయితే నీళ్లతో పోయేదేదైనా చేద్దామంది. వంటింట్లో కార్న్‌ఫ్లోర్ ఉంది. నీళ్లతో చిక్కగా కలిపితే వేలు మెల్లగా దిగుతుంది, గుద్దితే గట్టిగా తగులుతుంది. వెలిగారం అక్కర్లేదు కాబట్టి ఈసారి గరిటె తిప్పడంతోపాటు కొలతలూ వాళ్లకే వదిలేశాను.