గొల్లపల్లిలో వీణ బేరం

బొబ్బిలి స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కి ‘వీణల దగ్గరికి’ అంటే చాలు... మరో మాట అడగరు. పట్టణాన్ని ఆనుకుని ఉన్న గొల్లపల్లి వైపు బండి తిప్పేస్తారు. అక్కడ సన్నాయి లేదు, మృదంగం లేదు. వినిపించేదల్లా ఉలి మీద సుత్తి పడే చప్పుడే. ఆ చప్పుడే కొన్నాళ్లకు సరిగమలవుతుంది.

ఈ వీధికి వచ్చేవాళ్లు రెండు రకాలు. పెళ్లికో సన్మానానికో జ్ఞాపికగా అద్దాల పెట్టెలో చిన్న వీణ కావాలని వచ్చేవాళ్లు ఎక్కువ. పాపకు సంగీతం నేర్పించాలి, అసలైన వీణ కావాలి, కానీ చేతిలో డబ్బు అంతంతమాత్రం అని తటపటాయిస్తూ వచ్చేవాళ్లు తక్కువ. నిజానికి ఈ రెండో రకం వాళ్ల మీదే గొల్లపల్లి భవిష్యత్తు ఆధారపడి ఉంది.

రెండు కోటలు... ఒకే రాగం

బొబ్బిలి అనగానే ఎవరికైనా యుద్ధమే గుర్తొస్తుంది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం సేనలు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించాయి. తాండ్ర పాపారాయుడి కథ బుర్రకథల్లో ఊరూరా మోగింది. ఇప్పటికీ బొబ్బిలిలో యుద్ధ స్తంభం, రాజుల కోట చూడటానికి జనం వస్తూనే ఉంటారు.

అయితే కత్తులు దూసుకున్న ఆ రెండు సంస్థానాలే సంగీతంలో ఒకదానికొకటి తోడయ్యాయి. బొబ్బిలి వీణ చేసింది. విజయనగరం పాట నేర్పింది. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల మొదలైంది. తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆ తర్వాత ఆ బాధ్యత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడిది. ఘంటసాల అక్కడే చదువుకున్నారు. పి.సుశీల పుట్టిన ఊరు విజయనగరమే. సాలూరు పక్కన శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు తెలుగు సినిమా పాటకే ఓ దారి వేశారు. ఇంత సంగీతం ఒక్క పూట ప్రయాణంలో చుట్టి రాగలిగిన ప్రాంతాలు అరుదు.

పనస దుంగ కడుపులో పాట

బొబ్బిలి వీణకు ముడిసరుకు పనస కర్ర. తేలిగ్గా ఉంటుంది, చెదలకు తట్టుకుంటుంది, నాదాన్ని మింగేయకుండా బయటికి పంపుతుంది. పచ్చి కర్ర పనికిరాదు. బాగా ఆరాలి. సగం ఆరిన కర్రతో చేస్తే రెండు వేసవులు గడిచేసరికి పగులు తప్పదు.

ఆరిన దుంగను బాడిసతో చెక్కి, లోపల గుల్లగా తొలుస్తారు. గుండ్రంగా ఉన్న భాగం కుండ. దాని నుంచి పొడుగ్గా సాగేది దండి. ఈ రెండూ ఒకే దుంగలోంచి వస్తే అది ఏకాండి వీణ. బొబ్బిలికి పేరు తెచ్చింది ఇదే. కుండ వేరుగా, దండి వేరుగా చేసి కలిపితే అతుకు వీణ. కుండ నోటిని పలచటి పలకతో మూస్తారు. దండి చివర యాళి ముఖం, కింద ఆనుకోవడానికి బుర్ర... ఇలా ఒక్కొక్కటీ చేరుతాయి. నగిషీలకు ఒకప్పుడు దంతం వాడేవారు. దానిపై నిషేధం వచ్చాక ప్లాస్టిక్ రేకులే దిక్కయ్యాయి.

ఆపైన అసలు పరీక్ష. దండి మీద మసి కలిపిన తేనెమైనం పరిచి, దాంట్లో 24 ఇత్తడి మెట్లు గుచ్చుతారు. స్థాయికి 12 స్వరస్థానాల చొప్పున రెండు స్థాయిలన్నమాట. ఒక్కో మెట్టునూ నొక్కి, మీటి, విని, వెంట్రుకవాసి అటూఇటూ జరుపుతారు. ఇక్కడ స్కేలు పనిచేయదు, చెవే కొలబద్ద. ఉలి పట్టిన ప్రతివాడూ ఈ పని చేయలేడు. అందుకే గొల్లపల్లిలో చెక్కేవాళ్ల కంటే మెట్లు కూర్చేవాళ్లకు గౌరవం ఎక్కువ. మొదటి దెబ్బ నుంచి చివరి తీగ దాకా సుమారు నెల పడుతుంది. గొల్లపల్లిలోనూ, దగ్గర్లోని వాడాడలోనూ తరాలుగా ఈ విద్య సర్వసిద్ధి వారి చేతుల్లో ఉంది. 2011లో బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

కీబోర్డా? వీణా?

పిల్లలకు సంగీతం అనగానే ఈ రోజుల్లో చాలా ఇళ్లలో ముందు వినిపించే మాట కీబోర్డు. ధర తక్కువ, స్విచ్ వేస్తే చాలు, సినిమా పాట వారంలో వచ్చేస్తుంది. అందులో తప్పేమీ లేదు. కానీ మామూలు కీబోర్డు మీద ‘స’ నుంచి ‘రి’కి వెళ్లాలంటే గెంతాల్సిందే. జారడం కుదరదు. మన పాటకు ప్రాణం ఆ జారుడే. దాన్నే గమకం అంటాం.

ఈ లోటు పాశ్చాత్యులకూ తెలుసు. రాబర్ట్ మూగ్ అనే అమెరికన్ ఇంజినీరు 1964లో సింథసైజర్ తయారు చేశాడు. 1970లో వచ్చిన మినీమూగ్‌లో ఎడమ చేతి పక్కన ఓ చిన్న చక్రం పెట్టారు. దాన్ని తిప్పితే స్వరం పైకీ కిందికీ జారుతుంది. వీణ మీద ఎడమ చేతి వేలు తీగను పక్కకు లాగి ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పలికిస్తుందే... సరిగ్గా ఆ పనే! ఆ పాత సింథసైజర్ల కోసం ప్రపంచమంతా ఇప్పటికీ వెతుకుతున్నారు. తమాషా ఏమిటంటే వాటికీ ఎండంటే భయమే. వేడెక్కితే శ్రుతి తప్పుతాయి. వీణలోనూ అంతే. వేడికి మైనం మెత్తబడిందా, మెట్టు కదిలినట్టే. ఎండలో కారు డిక్కీలో పెడితే నెల కష్టం ఒక్క మధ్యాహ్నంలో కరిగిపోతుంది.

కొనే ముందు...

అద్దాల పెట్టెలోని చిన్న వీణ వందల రూపాయల నుంచి దొరుకుతుంది. వాయించే వీణకు పదుల వేలలో ఖర్చవుతుంది. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ తగ్గించుకోకూడదు?

నగిషీల్లో తగ్గించుకోవచ్చు. పూలు, నెమళ్లు, లక్ష్మీదేవి బొమ్మలు కంటికే తప్ప చెవికి కాదు. నేర్చుకునే పిల్లలకు అతుకు వీణ అయినా చాలు, అతుకు గట్టిగా ఉంటే. కర్ర ఆరుదలలో, మెట్ల అమరికలో మాత్రం రాజీ పడకూడదు.

పరీక్ష కష్టమేమీ కాదు. తీగను ఖాళీగా మీటాలి. తర్వాత పన్నెండో మెట్టు మీద నొక్కి మీటాలి. రెండోది మొదటిదానికి సరిగ్గా పైస్థాయి స్వరంలా పలకాలి. 24వ మెట్టు దగ్గర ఇంకో స్థాయి పైకి వెళ్లాలి. తేడా వస్తే అక్కడికక్కడే సరిచేయమని అడగవచ్చు. మెట్ల వరస మీద వేలు జార్చి చూడాలి... ఎక్కడైనా తీగ పక్క మెట్టుకు తగిలి జరజరలాడితే ఎత్తు తగ్గలేదన్నమాట. బిరడా తిప్పి వదిలేసి కాసేపు కబుర్లాడి మళ్లీ మీటాలి. శ్రుతి జారిందంటే బిరడా పట్టడం లేదు. పలక మీద వేలితో తట్టి, చప్పుడు ఎక్కడైనా చచ్చినట్టుందేమో గమనించాలి.

పాత వీణ దొరికితే? కాదనక్కర్లేదు. ఏళ్ల తరబడి ఆరిన కర్రకు నాదం బాగుంటుందని విద్వాంసులు చెబుతారు. మెట్ల మీద తీగలు కోసిన గాడులుంటే భయపడక్కర్లేదు. ఆకురాయితో సరిచేయవచ్చు, మెట్లు మార్చవచ్చు. మైనం పాతబడితే తీసి కొత్తది వేస్తారు. కుండకు పగులు, దండికి వంపు, పురుగు తొలిచిన రంధ్రాలు ఉంటే మాత్రం ఎంత చవకైనా వద్దు. మైనం పనికి అయ్యే ఖర్చు కూడా కలుపుకొని బేరమాడాలి.

అన్నిటికంటే ముఖ్యం... పాపను వెంట తీసుకెళ్లాలి. నేల మీద కూర్చోబెట్టి ఒళ్లో వీణ పెడితే ఎడమ చేయి చివరి మెట్టు దాకా అందాలి. గురువును కూడా తీసుకెళ్తే మరీ మంచిది.

ఎవరు చెక్కుతారు?

ఇప్పుడు గొల్లపల్లికి కూడు పెడుతున్నది జ్ఞాపికల వీణలే. ప్రభుత్వ సభల్లో అతిథులకిచ్చేవి, లేపాక్షి దుకాణాల్లో అమ్మేవి అవే. త్వరగా తయారవుతాయి, త్వరగా అమ్ముడవుతాయి. తప్పు పట్టడానికి లేదు. కానీ వాటికి శ్రుతి అక్కర్లేదు. అవి మాత్రమే చేస్తూ పెరిగిన కుర్రాడి చేతికి ఉలి అలవాటవుతుంది, చెవికి స్వరం అలవాటు కాదు. మైనంలో మెట్టు గుచ్చే విద్య పుస్తకంలో రాసి దాచుకునేది కాదు. వాయించే వీణ అడిగేవాళ్లు ఉంటేనే అది తండ్రి నుంచి కొడుక్కి వెళ్తుంది.

కర్ర సంగతీ అంతే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలతో పాటు పనస చెట్లనూ కూల్చింది. వీణకు సరిపడా మాను కట్టాలంటే పనసకు దశాబ్దాలు కావాలి. చెట్టు నాటినవాడు వీణ వినకపోవచ్చు... అయినా నాటాలి.

విజయనగరం నుంచి రాయ్‌పూర్ రైలు మార్గంలో గజపతినగరం, డొంకినవలస దాటితే బొబ్బిలి వస్తుంది. శ్రీకాకుళం వైపు నుంచైతే చిలకపాలెం, రాజాం మీదుగా రోడ్డు ఉంది. ఉదయం కోట చూసుకుని గొల్లపల్లి వెళ్తే పని జరుగుతుండగా చూడవచ్చు. చిన్న వీణ ఒకటి కొనుక్కుని వచ్చినా మంచిదే. పెద్ద వీణ కొనే ఆలోచన ఉంటే మాత్రం తొందరపడొద్దు. పాపను కూర్చోబెట్టి ‘స’ పలికించండి. ఆ నాదం ఆగేదాకా వినండి. ఎంతసేపు మోగిందో చూసుకుని అప్పుడు ధర అడగండి.