ఓడిన పందెమా? తెచ్చిన అప్పా?

ఒక ఏడు కనుమ మర్నాడు మా వాకిట్లో ఓ పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు. మా మరిది కోడిపందెంలో ఓడిన పదివేలూ అప్పటికప్పుడు కావాలట! పరువు పోతుందని అత్తయ్యగారు బంగారు గాజులు తియ్యబోయారు.

పక్కింటి ప్లీడరుగారు ఆపారు. "పందెం బాకీ కోర్టులో చెల్లదమ్మా. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను అదే చెబుతోంది. పైగా 1974 ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కింద ఈ పందేలు నేరం కూడా" అన్నారు. వచ్చినాయన చల్లగా జారుకున్నాడు.

అప్పట్నుంచీ ఈ చట్టాల సంగతి ఆరా తీస్తున్నాను. జూదపు కొంపలు నడపకూడదని 1867లోనే తెల్లదొరలు చట్టం చేశారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో పార్లమెంటు నిషేధించింది.

అయితే ఒక మెలిక ఉందండోయ్! పందెం కోసమే అయినా, మూడోమనిషి దగ్గర తెచ్చిన అప్పు మామూలుగా చెల్లుతుంది. మావాడు అదీ చేశాడని నెల తిరక్కుండానే తెలిసింది. గాజులు వెళ్ళనే వెళ్ళాయి.

అందుకే ఎవరైనా బాకీ అంటూ వస్తే, గాజుల మీద చెయ్యి వెయ్యకముందే అడగండి, ఇది ఓడిన పందెమా, తెచ్చిన అప్పా అని. నిండుసభలో ద్రౌపది అడిగింది. మన వాకిట్లో మనం అడగలేమా?