స్టేషన్ బాగుపడితే సరా? ఇల్లు చేరొద్దూ!

మా సూర్యాపేటలో ఎవరైనా "స్టేషన్ దాకా వెళ్లొస్తా" అంటే ఇంట్లోవాళ్లు "ఏం గొడవైందమ్మా?" అని కంగారుపడతారు. మాకున్నది పోలీస్ స్టేషనే కానీ రైల్వే స్టేషన్ కాదు మరి! కోదాడ సంగతీ అంతే. హైదరాబాద్ - విజయవాడ హైవే మా రెండూళ్ల మీదుగానే పోతుంది కాబట్టి బస్సులకు కొదవ లేదు. కానీ తిరుపతి మొక్కుకో, నెల్లూరులో ఉన్న పుట్టింటికో రాత్రంతా ప్రయాణమంటే నడుము వాల్చే చోటు, పక్కనే బాత్‌రూమ్ ఉండే రైలే కదండీ మన ఆడవాళ్లకు హాయి. అప్పుడు మా చూపు మిర్యాలగూడ వైపు తిరుగుతుంది.

ఆ రైలైనా మాకు తేలిగ్గా రాలేదు లెండి. నిజాం కాలంలో సికింద్రాబాద్ నుంచి బెజవాడకు వేసిన లైను 1889లో పూర్తయింది. అది ఖాజీపేట, డోర్నకల్, ఖమ్మం మీదుగా పోయింది. కృష్ణ అవతల గుంటూరు నుంచి మాచర్లకు 1930 ప్రాంతంలో మీటర్ గేజ్ బండి వచ్చింది. మధ్యలో ఉన్న నల్గొండ, మిర్యాలగూడలు మాత్రం బండి కూత వినకుండానే ఉండిపోయాయి. బీబీనగర్ - నడికుడి లైనుకు 1974లో అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. లైనంతా పూర్తయ్యేసరికి 1989 వచ్చింది. అంటే శంకుస్థాపన నాడు చంకలో ఉన్న పిల్ల టెన్త్ పరీక్షలు రాసే వయసుకొచ్చిందన్నమాట!

మా అత్తగారు జీవితంలో మొదటిసారి రైలెక్కింది మిర్యాలగూడలోనే. ఆవిడ స్టీలు డబ్బా నిండా పులిహోర, మరో డబ్బాలో సకినాలు సర్దుకున్నారు. మంచినీళ్ల సీసా మాత్రం ముట్టుకోలేదు. "నీళ్లు తాగితే మళ్లీ ఎక్కడికి పోవాలే బిడ్డా?" అన్నారు. మనలో ఎంతమందిమి ఇప్పటికీ ఇలాగే గొంతు తడుపుకోకుండా ప్రయాణం చేయడం లేదు చెప్పండి? మూత్రం ఆపుకుని, నీళ్లు మానేసి, ఇంటికొచ్చాక మంటతో డాక్టర్ దగ్గరకు పరిగెత్తేది మనమే కదా!

ఇప్పుడు ఆ లైను దశ తిరుగుతోంది. 2019 నాటికి కరెంటు బండ్లు వచ్చేశాయి. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ - తిరుపతి వందే భారత్ ఇటుగా మొదలైంది. తరువాత దానికి మిర్యాలగూడలోనూ ఆగే ఏర్పాటు చేశారు. అదే ఏడాది ఆగస్టులో గుంటూరు - బీబీనగర్ మధ్య 239 కిలోమీటర్ల రెండో లైనుకు కేంద్రం ఒప్పుకుంది. రెండో లైనుతో మనకేమిటంటారా? ఒకే పొయ్యి ఉన్న వంటిల్లు అనుకోండి. అన్నం దిగితేగానీ కూర ఎక్కదు. ఒకే పట్టా ఉన్నచోట ఎదురు బండి వచ్చిందాకా మన బండి ఏదో స్టేషన్లో కాచుకుని ఉండాల్సిందే. రెండో పొయ్యి వెలిగితే ఆ ఎదురుచూపు తగ్గుతుంది.

వీటికి తోడు అమృత్ భారత్ స్టేషన్ల పథకంలో నల్గొండతోపాటు మిర్యాలగూడ పేరు కూడా ఉంది. వెయిటింగ్ హాళ్లు, మరుగుదొడ్లు, అవసరాన్ని బట్టి లిఫ్టులు, వికలాంగులకు వసతులు - ఇవన్నీ ఆ పథకంలో భాగమే. లిఫ్టంటే సోకు అనుకునేరు! మోకాలి ఆపరేషన్ అయిన కొత్తలో నేనొక స్టేషన్లో ఉండగా (ఏ ఊరో ఎందుకు లెండి), బండి అవతలి ప్లాట్‌ఫారానికి వస్తోందని చివరి నిమిషంలో చెప్పారు. రెండు సంచులతో వంతెన మెట్లెక్కి దిగేసరికి బండి కదలబోతోంది. ఎవరో కాలేజీ పిల్ల చెయ్యిచ్చి పైకి లాగకపోతే నా పని అయిపోయేదే!

బాగైన స్టేషన్ ఎలా ఉంటుందో చూడాలంటే ఈసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు బేగంపేటలో దిగండి. 2003 ఆగస్టులో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. లోకల్ బండ్లు అక్కడ ఆగుతాయి. ఆఫీసులకు వెళ్లే అమ్మాయిలు ఎందరో! కొత్త హంగులతో ఆ స్టేషన్‌ను 2025 మే 22న ప్రారంభించారు. దాని నిర్వహణంతా మహిళా ఉద్యోగులదే. టికెట్ కిటికీ వెనక ఆడపిల్ల ముఖం కనపడితే అడగాలనుకున్నది మొహమాటం లేకుండా అడిగేస్తాం, అవునా?

అయితే సిటీలో స్టేషన్ బయట అడుగు పెడితే ఆటో ఉంటుంది, బస్సు ఉంటుంది. మాకు అసలు ప్రయాణం స్టేషన్ బయటే మొదలవుతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మాకు టికెట్ లేదు. సంతోషమే! కానీ చీకట్లో బండి దిగిన మనిషికి ఉచిత బస్సు కన్నా ముందు, ఆ వేళకు ఒక బస్సు ఉండాలి కదండీ?

ఒకసారి అమ్మకు బాగాలేదని సాయంత్రం నెల్లూరు నుంచి ఫోనొచ్చింది. రాత్రి బండికి బెర్తు కూడా దొరికింది. కానీ మావారు ఊళ్లో లేరు, ఆ వేళప్పుడు మిర్యాలగూడ దాకా తీసుకెళ్లేవాళ్లు లేరు. తెల్లారిందాకా కూర్చుని, బస్సులు మారుతూ వెళ్లాను. నేను చేరేసరికి అమ్మ ఐ.సి.యు.లో ఉంది. తరువాత కోలుకుందనుకోండి. కానీ ఆ రాత్రంతా బెర్తు ఖాళీగా పోయిందే, అది మాత్రం ఇప్పటికీ నా గుండెలో ముల్లే. రైలుంది, టికెట్టుంది, ధైర్యమూ ఉంది. లేనిది ఆ కాస్త దారి.

అందుకే నేననేదేమంటే, స్టేషన్ బాగుపడిందా లేదా అన్నది గోడల రంగు చూసి చెప్పొద్దు. ఒంటరిగా దిగిన ఆడమనిషి నీళ్లు తాగి, బాత్‌రూమ్‌కు వెళ్లి, వెలుతుర్లో నడిచి, బస్సెక్కి ఇల్లు చేరగలిగిందా? అదీ లెక్క! మీ మహిళా సంఘం సమావేశంలో పొదుపు లెక్కలయ్యాక ఒక్క పావుగంట దీనికివ్వండి. ఏ బండి వేళకు బస్సు కావాలో రాసి, పదిమంది సంతకాలతో మీ డిపో మేనేజర్‌కు ఇవ్వండి. రైల్లో ఇబ్బందయితే 139కి ఫోన్ చేయండి. మనకేం కావాలో మనం చెప్పకపోతే, ఆ కాగితం మీద మన అవసరం ఎవరు రాస్తారు చెప్పండి?