మహీన్ గుర్రాలు

టికియాపారాలో మా ఇంటికి దగ్గర్లోనే లోకల్ రైళ్ల కార్‌షెడ్ ఉంది. రాత్రంతా ఖాళీ రైళ్లు అటూ ఇటూ జరుగుతుంటాయి. వచ్చిన కొత్తలో నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఆ చప్పుడు ఆగితే మెలకువ వస్తుంది. ఇది నా ఐదో పోస్టింగు.

మొన్న చలికాలంలో పదకొండో తరగతి కుర్రాడొకడు నోట్సు తిరిగివ్వడానికి ఇంటికొచ్చాడు. వాళ్లది శ్రీకాకుళం వైపు, నాన్నగారు రైల్వేలో పని. ఒక బెంగాలీ అబ్బాయి, ఒక ఒడియా అబ్బాయితో కలిసి బ్యాండు పెట్టుకున్నాడు. రెండు సొంత పాటలు కూడా కట్టారు. అంతలో నాన్నగారికి బిలాస్‌పూర్ బదిలీ అయింది.

"బ్యాండు అయిపోయింది మేడం. గిటారు అమ్మేస్తాను."

"ఎక్కడికెళ్తే అక్కడ వాయించుకోవచ్చు కదరా" అన్నాను. అప్పుడు సిల్వర్‌చెయిర్ గురించి చెప్పాడు. ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ ఊరి ముగ్గురు స్కూలు కుర్రాళ్లట. 1994లో, పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో, 'టుమారో' అనే పాటతో ఒక పోటీ గెలిచారు. మొదటి ఆల్బమ్ 'ఫ్రాగ్‌స్టాంప్'ను తొమ్మిది రోజుల్లో రికార్డు చేశారు. 1995లో అది విడుదలై వాళ్ల దేశంలో మొదటి స్థానానికి చేరింది.

"ముగ్గురిదీ ఒకే ఊరు మేడం. మాకలా ఎక్కడ కుదురుతుంది?"

నా దగ్గర జవాబు లేదు. ఘంటసాల, బాలు తప్ప నాకు తెలిసిన సంగీతం తక్కువ. పైగా నాన్న బదిలీతో మధ్యలో ఆగిపోయిన నా వయొలిన్ ఇప్పటికీ అమ్మ వాళ్లింట్లో అటక మీదే ఉంది. వాడికి ధైర్యం చెప్పే అర్హత నాకెక్కడిది?

స్టాఫ్‌రూమ్‌లో ఈ మాట చెబితే, బెంగాలీ టీచరుగారు మొహీనేర్ ఘోడాగులి పాటలు వినిపించారు. అంటే 'మహీన్ గుర్రాలు'. జీవనానంద దాస్ కవితలోంచి తీసుకున్న పేరు. 1975లో గౌతమ్ చట్టోపాధ్యాయ్, ఆయన తమ్ముళ్లు, స్నేహితులు మొత్తం ఏడుగురు కలిశారు. మొదట పెట్టుకున్న పేరు సప్తర్షి. స్కూలు పిల్లలు కాదు, కాస్త పెద్దవాళ్లే. గిటారు, వయొలిన్, శాక్సఫోన్ పక్కన బావుల్ పాటల ధోరణి కలిపారు. సినిమా పాటలకు అలవాటుపడిన ఊరికి అది వింతగా తోచింది. 1977, 1978, 1979లలో వరుసగా మూడు రికార్డులు తెచ్చారు. పెద్దగా అమ్ముడుపోలేదు. 1981 నాటికి బ్యాండు చెదిరిపోయింది. ఒకరు బెంగళూరు, ఒకరు అమెరికా, ఒకరు సంగీతం చదవడానికి జర్మనీ. గౌతమ్ సినిమాలు తీసుకుంటూ ఉండిపోయారు.

1995లో కలకత్తా పుస్తక ప్రదర్శనలో 'ఆబార్ బొఛొర్ కుడి పొరే' క్యాసెట్ వచ్చింది. 'మళ్లీ ఇరవయ్యేళ్ల తర్వాత' అని అర్థం. పాడినవాళ్లలో చాలామంది కొత్త కుర్రాళ్లు. ఈసారి జనం విన్నారు. అందులోని ఒక పాట బాణీనే 2006లో 'గ్యాంగ్‌స్టర్' హిందీ సినిమాలో 'భీగీ భీగీ' అయింది. అది మీలో చాలామంది వినే ఉంటారు.

ఆదివారం వాడిని పిలిచి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అంటే ఇరవయ్యేళ్లు ఆగమంటారా మేడం?"

నవ్వొచ్చింది, బాధా వేసింది. ఆగమనలేదు, కలిసే ఉంటారనీ అనలేదు. ఆ ఏడుగురు కూడా కలిసి ఉండలేకపోయారు. "గిటారు మాత్రం అమ్మకు. నా వయొలిన్ సంగతి నాకు తెలుసు" అన్నాను.

ఇప్పుడు వాడు బిలాస్‌పూర్‌లో ఉన్నాడు. గిటారు వాయించి ఫోన్‌లో పంపితే, ఇక్కడ ఒడియా అబ్బాయి బల్ల మీద దరువు వేసి తిరిగి పంపుతాడు. తాళం తప్పుతోందని రోజూ పోట్లాటే. మూడో పాటలో తెలుగు చరణం ఒకటి ఉంది, దిద్దమని నాకు పంపారు. రెండు ఒత్తులు సరిచేశాను. మిగతాది ముట్టుకోలేదు.

వేసవి సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు అటక ఎక్కాలి. తీగలు తుప్పు పట్టి ఉంటాయి.