లెన్సుకు రెండు ధరలు

ఫొటోల పిచ్చి ఉన్నవాళ్ల ఇళ్లలో ప్రతి వస్తువుకీ రెండు ధరలుంటాయి. ఒకటి కొన్న ధర. రెండోది ఇంట్లో చెప్పిన ధర. మొన్నమొన్నటి దాకా మా ఇంట్లోనూ అంతే. 2,300 రూపాయల కెమెరా బ్యాగు మా ఆవిడ లెక్కలో 900. ట్రైపాడ్ అయితే అసలు కొన్నదే కాదు, ‘స్నేహితుడిది, వాడుకోమని ఇచ్చాడు’.

ఇలాంటి చిన్న చిన్న అబద్ధాలు మనిషిని ఎక్కడిదాకా తీసుకెళ్తాయో చెప్పాలంటే నా కెమెరా కథ మొదట్నుంచీ చెప్పాలి.

రాయడం నా ఉద్యోగం. ఫొటోలు తీసే పని మా ఫొటోగ్రాఫర్ అన్నది. తలకోనకో, హార్స్‌లీ హిల్స్‌కో కథనం కోసం ఇద్దరం కలిసి వెళ్తాం. అక్కడికెళ్లాక నేను నోట్‌బుక్ మూసేసి ఆయన కెమెరా వంకే చూస్తూ కూర్చునేవాణ్ని. నేను నాలుగు పేరాల్లో చెప్పలేనిది ఆయన ఒక్క ఫొటోలో చెప్పేస్తుంటే అసూయగా ఉండేది. ఆ అసూయే నన్ను తిరుపతిలో ఒక పెళ్లిళ్ల స్టూడియో మెట్లెక్కించింది.

మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక స్టూడియోల వాళ్లు పాత డీఎస్ఎల్ఆర్‌లను ఒక్కొక్కటిగా వదిలించుకున్నారు. నాలాంటి వాళ్లకు అదే పండగ. 2012లో వచ్చిన నికాన్ డీ3200, దాంతోపాటు 18-55 లెన్సు, రెండూ కలిపి రూ.14,000. కొనేముందు అన్న ఒకే ఒక్క మాట చెప్పాడు. ‘షట్టర్ కౌంట్ చూడు. బండి కొనేటప్పుడు కిలోమీటర్లు చూడమా? ఇదీ అంతే.’ చూశాను. 62 వేల సార్లు నొక్కేశారు. ఎన్ని వందల తలంబ్రాలు చూసిందో పాపం!

పచ్చచుక్క నేర్పిన పాఠం

ఆ ఏడాది మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు కెమెరా మెడలో వేసుకుని బయల్దేరాను. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం... ఆ వారం రోజులూ తిరుపతి వీధుల్లో ఎటు తిప్పినా ఫొటోనే. మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకునే దృశ్యం మళ్లీ ఏడాదికి గానీ దొరకదు. కానీ తెల్లవారుజామున వీధి దీపాల కింద నేను తీసినవన్నీ అలికేసినట్టు వచ్చాయి. తప్పు కెమెరాది కాదు. కెమెరాతో వచ్చే ఆ లెన్సును 55 దగ్గర పెడితే ఎపర్చర్ 5.6 మించి తెరుచుకోదు. 1.8 దాకా తెరుచుకునే లెన్సయితే దాదాపు పదింతల వెలుతురు లోపలికి వస్తుంది.

వెంటనే పాత 50 ఎం.ఎం. 1.8 లెన్సు ఒకటి రూ.4,500కు దొరికితే సంబరంగా కొనేశాను. ఇంటికొచ్చి బిగిస్తే ఫోకస్ కదలదు! ఆ పాత ‘డీ’ రకం లెన్సులో మోటారు ఉండదు. దాన్ని తిప్పే మోటారు కెమెరాలో ఉండాలి. నాలాంటి చిన్న కెమెరాల్లో నికాన్ ఆ మోటారు పెట్టలేదు. ఈ ముక్క ముందే కనుక్కుని ఉంటే ‘జీ’ రకం కొనేవాణ్ని.

సిగ్గేసి ఎవరికీ చెప్పకుండా చేత్తోనే తిప్పడం నేర్చుకున్నాను. ఫోకస్ కుదిరితే వ్యూఫైండర్ మూలన చిన్న పచ్చచుక్క వెలుగుతుంది. అది వెలిగేదాకా ఆగాలి. ఆగాల్సి రావడంతో మనిషిని చూడటం అలవాటైంది. మరుసటేడు జాతరలో, మొహానికి రంగు పూయించుకుంటూ కళ్లు మూసుకున్న ఒక పిల్లాడి ఫొటో చూసి అన్న ‘ఇది బాగుంది’ అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు కొమ్ములు మొలిచాయి.

ఆఫీసు చీటీ

కొమ్ములు మొలిచినవాడికి పక్షులు కనబడ్డాయి. నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం ఏర్పడింది 1976లో. అప్పట్లో నెల్లూరు జిల్లా. 2022లో జిల్లాలు విడిపోయాక మా తిరుపతి జిల్లాలోకి వచ్చింది. చలికాలం మొదలవుతుంటే గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, కంకణాలు అక్కడి చెరువులో నీళ్లలోనే నిలబడి పెరిగే కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. నా 50 ఎం.ఎం.లో గూడబాతు ఆవగింజంత పడింది.

సెకండ్ హ్యాండ్ 150-600 లెన్సు ఒకటి ఉందని కబురొచ్చింది. ధర రూ.38,000. జీతగాడికి అంత డబ్బు ఒక్కసారిగా ఎక్కడిది? ఆఫీసులో 20 మందిమి నెలకు 2,500 చొప్పున వేసుకునే 50 వేల చీటీ ఉంది. కానీ ఆ చీటీకి అప్పటికే పని ఉంది. చిత్తూరు జిల్లా పెనుమూరు వైపు మా ఊళ్లో నాయన బోరు మోటారు పాతబడింది. చీటీ ఎత్తి వేసవిలోపు కొత్తది వేయిద్దామని మా ఆవిడా నేనూ అనుకున్నాం. నాయనకూ చెప్పాం.

నవంబరు పాటలో 9 వేలు వదులుకుని చీటీ పాడేశాను. 41 వేలు చేతికొచ్చాయి. ఇంట్లో చెప్పిన ధర 12 వేలు, అదీ వాయిదాల మీద. ‘చీటీ ఇంకా రాలేదా?’ అని మా ఆవిడ అడిగినప్పుడల్లా ‘పోటీ ఎక్కువగా ఉంది’ అనేవాణ్ని.

రెండు కిలోల లెన్సు మోసుకుని పదకొండు గంటల ఎండలో నేలపట్టు చేరాను. తీసిన ఫొటోల్లో గూడబాతులు ఉడుకుతున్న నీళ్లలోంచి చూసినట్టున్నాయి. లెన్సు పాడైందని బెంబేలెత్తి అన్న దగ్గరికి పరిగెత్తాను. ఆయన చూసి నవ్వాడు. ‘లెన్సు మంచిదే. నువ్వు పోయిన టైమే మంచిది కాదు’ అన్నాడు. నేల వేడెక్కితే గాలి అల్లల్లాడుతుంది. అంత దూరం నుంచి తీస్తే ఎంత ఖరీదైన లెన్సయినా ఆ అల్లల్లాట దాటి చూడలేదు. ఆ తర్వాత తెల్లవారుజామున నాలుగింటికే బండి తీసేవాణ్ని. సంక్రాంతి నాటికి నాలుగు మంచి ఫొటోలు వచ్చాయి.

పండక్కి ఊరెళ్లినప్పుడు నాయనకు చూపించాను. ఈకల మెరుపు చూస్తాడనుకున్నా. ఆయన చూపు చెట్ల కింద ఆగింది.

‘ఏంది అబ్బోడా, ఆకుల మీద సున్నం చల్లినట్టుండాది?’

‘పక్షుల రెట్టలు నాయనా. అన్నీ చెరువులోకే పడతాయి.’

‘అట్లయితే ఆ నీళ్లు పారే మళ్లకు ఇంగ ఎరువు దేనికి?’ అన్నాడు. నేలపట్టు చుట్టుపక్కల రైతులు చెప్పేదీ అదే మాట. మోటారు ఊసు మాత్రం ఆయన ఎత్తలేదు.

పద్దు పుస్తకం

ఫిబ్రవరి ఆఖర్లో అమ్మ ఫోన్ చేసి ఏవేవో మాట్లాడి, చివర్లో చిన్నగా చెప్పింది. మోటారు కాలిపోయి అప్పటికి నాలుగు రోజులైంది. చెనక్కాయ చేను ఊడలు దిగే సమయం. అప్పుడు తడి లేకపోతే కాయే ఉండదు. ‘నీకు చెప్పొద్దన్నాడు మీ నాయన. వాడికి చీటీ రాలేదు గదా, ఇబ్బంది పెట్టొద్దు అన్నాడు’ అంది.

ఆ రాత్రి మా ఆవిడకు అంతా చెప్పేశాను. ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. పద్దు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, ‘అసలు ధరలు రాయండి’ అంది. కెమెరా 14,000. పాత లెన్సు 4,500. బ్యాగు 2,300. ట్రైపాడ్ 4,200. మెమరీ కార్డులు 1,800. పెద్ద లెన్సు 38,000. మొత్తం 64,800. ఆమె కూడిక సరిచూసి, ‘చీటీలో వదులుకున్న తొమ్మిది వేలు రాయలేదేం?’ అంది. రాశాను.

మూడో రోజు చెన్నై నుంచి ఒక కుర్రాడు వచ్చి లెన్సు రూ.33,000కు తీసుకెళ్లాడు. దానికి జీతంలోంచి కొంత కలిపి మోటారు దించాం. చేను పూర్తిగా దక్కలేదు. మోటారుకు దూరంగా ఉన్న చెక్క ఎండిపోయింది. నాయన ఒక్క మాటా అనలేదు. పైగా లెన్సు అమ్మేసిన సంగతి తెలిసి, ‘అయితే ఆ పక్షుల్ని ఇంగ తీయవా?’ అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

కెమెరా సామాను కొనొద్దని నేను చెప్పను. 50 ఎం.ఎం. లేకపోతే జాతర ఫొటోలు నాకు దక్కేవి కావు. కానీ ఇప్పుడు కొనేముందు నన్ను నేను మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఏ ఫొటో తీయలేకపోయానని ఇది కొంటున్నాను? నా కెమెరాకు ఇది పనిచేస్తుందా? ఈ డబ్బు మీద ఇప్పటికే ఎవరి పేరైనా రాసి ఉందా? మొదటి రెండింటికీ కొట్టువాడు జవాబు చెప్పగలడు. మూడోదానికి ఇంట్లోవాళ్లను అడగాల్సిందే.

మొన్నటి సీజన్లో ఒక స్టూడియోలో పెద్ద లెన్సు ఒక్క రోజుకు అద్దెకు తీసుకున్నాను. ఏడాదికి రెండు మూడుసార్లు వాడే వస్తువుకు అద్దే నయమని ముందు తోచలేదు. నాయననూ వెంటబెట్టుకుని నేలపట్టు వెళ్లాను. ఆయన పక్షుల్ని కాసేపు చూశాడు. తర్వాత చెరువు తూము దగ్గరికి నడిచి, కాలవలో నీళ్లు దోసిట్లోకి తీసుకుని చూస్తూ, ‘దీన్ని తియ్ అబ్బోడా’ అన్నాడు. పెద్ద లెన్సుకు అంత దగ్గర్లో ఫోకస్ కుదరదు. పాత 50 ఎం.ఎం. బిగించి పచ్చచుక్క వెలిగేదాకా ఆగాను.

ఆ సాయంత్రం పద్దు పుస్తకంలో నేనే రాశాను. లెన్సు అద్దె 1,000. పెట్రోలు 400. ఇప్పుడు మా ఇంట్లో ఏ వస్తువుకైనా ఒకటే ధర.